పార్టీకి పుల్లటి ఎర్ర డ్రింకు

ఏడాది చివర్లో ఇంటికి జనం వస్తున్నారంటే వంట సంగతి ఎలాగోలా తెమిలిపోతుంది గానీ, తాగడానికి ఏమివ్వాలన్న దగ్గరే నాకు టెన్షన్. మందు పుచ్చుకునేవాళ్లకి ఏదో ఒకటి ఉంటుంది. మిగతావాళ్ల చేతిలో కూల్‌డ్రింకో ప్యాకెట్ జ్యూసో పెట్టేసి పిల్లల లెక్కలో కలిపేస్తాం. నాకది అస్సలు నచ్చదు. అందుకే మసాలా దట్టించిన హైబిస్కస్ డ్రింకు చేస్తాను. పులుపు, తీపి, అల్లం ఘాటు, మింగాక నాలుక మీద కాస్త వగరు, ఇన్ని ఉండబట్టి దీన్ని గటగటా తాగలేం, ఒక్క గ్లాసుతో బోలెడు కబుర్లు చెప్పుకోవచ్చు.

హైబిస్కస్ అన్నారు కదా అని పెరట్లో మందారాలు కోసుకురాకండి. దీనికి కావలసింది ఎర్ర గోంగూర మొక్క, హైబిస్కస్ సబ్దరిఫా. అందులోనూ పూరేకులు కాదు, అవి రాలిపోయాక కాయ చుట్టూ కండపట్టి ఎర్రగా మిగిలే తొడుగు. దాన్నే ఎండబెట్టి అమ్ముతారు. టీ బ్యాగుల్లో వచ్చే పొడి వద్దు, ముక్కలు ముక్కలుగా కనబడేది తీసుకోండి, వడకట్టేటప్పుడు నా మాట గుర్తొస్తుంది.

ఇది చలికాలం డ్రింకు అవడానికి మొక్క స్వభావమే కారణం. పగటిపొద్దు తగ్గితే గానీ ఇది పూతకి రాదు. జమైకాలో కోత సరిగ్గా ఏడాది చివరికి అందివస్తుంది, అక్కడ దీన్ని సారెల్ అంటారు, క్రిస్మస్‌కి అది ఉండాల్సిందే. పశ్చిమాఫ్రికాలోనూ ఇదే తొడుగుతో డ్రింకు చేస్తారు, సెనెగల్‌లో బిస్సాప్, నైజీరియాలో జోబో. మెక్సికోలో క్రిస్మస్‌కి కాచే పోంచే అనే వేడి పళ్ల డ్రింకులో జామపళ్లు, చెరుకు ముక్కలతో పాటు దీన్ని కూడా వేసేవాళ్లున్నారు.

నేను చేసేది జమైకా పద్ధతికి దగ్గరగా ఉంటుంది. రెండు లీటర్ల నీళ్లలో 100 గ్రాముల అల్లం కచ్చాపచ్చాగా దంచి వేసి, ఎనిమిది లవంగాలు, పది ఆల్‌స్పైస్ గింజలు (మిరియాల్లా కనబడే మసాలా దినుసు), ఒక నారింజ తొక్క (లోపలి తెల్ల పొర రాకుండా, అది చేదు) వేసి పావుగంట మరిగించాలి. ఇప్పుడు స్టవ్ ఆపేసి, ఆపేశాకే, 60 గ్రాముల ఎండు హైబిస్కస్ అందులో వేసి మూతపెట్టాలి. ఈ డ్రింకులో కిటుకంతా ఇక్కడే ఉంది. మసాలా మరగాలి, తొడుగు నానాలి. రెండూ కలిపి కుతకుతా ఉడికించేవాళ్లని చూశాను, ఎక్కువసేపు వేడి తగిలితే ఆ ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు విరిగిపోయి రంగు మొద్దుబారుతుంది, వగరు కూడా గొంతు పట్టుకుంటుంది. చల్లారాక గిన్నెని అలాగే ఫ్రిజ్‌లో పెట్టేసి రాత్రంతా వదిలేయండి. స్టీలు గిన్నె వాడండి, అల్యూమినియం, ఇనుము ఈ పులుపుకి ఆగవు.

దాల్చినచెక్క వెయ్యొచ్చు గానీ నేను వెయ్యను, వేస్తే ఇక అదే మాట్లాడుతుంది, అల్లాన్ని నోరెత్తనివ్వదు.

పొద్దున పల్చటి బట్టలో వడకట్టి గట్టిగా పిండితే చిక్కటి, దాదాపు నల్లగా కనబడే ఎరుపు దిగుతుంది. కాసేపు కదపకుండా ఉంచితే అడుగున తెల్లగా పేరుకుంటుంది, అది అల్లంలోని పిండి, పైది మెల్లగా వంపుకుంటే చాలు. గట్టు మీద చిందితే వెంటనే తుడిచేయండి. వంటసోడాతో రుద్దారంటే మరక పోయే ముందు నీలంలోకి, బూడిద రంగులోకి తిరుగుతుంది, పిల్లలుంటే వాళ్లకి చూపించండి, భలే సరదా పడతారు.

పంచదార వేసేది డ్రింకు వడకట్టాకే. పావుకిలో పంచదారని కొద్దిగా నీళ్లలో కరిగించి పాకంలా పోస్తాను, ఆ తర్వాత మీ నోటిని బట్టి పెంచుకోండి. రుచి మాత్రం చల్లబడ్డాక చూడాలి, చల్లదనానికి తీపి తగ్గినట్టు అనిపిస్తుంది కాబట్టి వేడి మీద సరిపోయిందనుకున్నది తర్వాత చాలదు.

అందరికీ ఒకటే జగ్గు. బయట చలిలోంచి వచ్చినవాళ్లకి కప్పులో వేడిచేసి (మరగనివ్వకుండా) నారింజ ముక్క వేసి ఇవ్వండి. చల్లగా కావాలన్నవాళ్లకి ఐసు, ఆ ఐసు కూడా ఈ డ్రింకునే గడ్డకట్టించి పెట్టుకున్నది అయితే చివరిదాకా పల్చబడదు. సోడాతో సగం సగం కలిపినా బాగుంటుంది. రమ్ము జగ్గులో పోయకండి, సీసా పక్కన పెట్టండి, కావలసినవాళ్లు పోసుకుంటారు, అప్పుడే పిల్లలకీ డ్రైవింగ్ చేయాల్సినవాళ్లకీ ఇబ్బంది ఉండదు.

హైబిస్కస్‌కి బీపీని కొంత తగ్గించే గుణం ఉంది. బీపీ మందులు వాడేవాళ్లకీ గర్భిణులకీ గ్లాసు చేతికిచ్చే ముందే ఇందులో ఏముందో చెప్పెయ్యండి, వద్దంటే బలవంతపెట్టకండి.

మిగిలితే ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు హాయిగా ఉంటుంది, రెండో రోజుకి ఘాటు ఇంకా పెరుగుతుంది కూడా. పిండేసిన తొడుగుల్లోంచి లవంగాలు, తొక్కలు ఏరేసి, సన్నగా తరిగి పంచదారతో దగ్గరకి ఉడికిస్తే పుల్లటి జామ్ అవుతుంది, రొట్టెకి రాసుకోవచ్చు.