సన్నజడల్లో రింగుల జుట్టు ఎండిపోకుండా: నా అనుభవం

నాది మామూలు ఉంగరాల జుట్టు కాదు, బిగుసుకున్న రింగులు. తడిగా ఉంటే నడుం దాకా సాగుతుంది, ఆరితే భుజాల పైకి ముడుచుకుపోతుంది. విజయనగరం నుంచి శ్రీకాకుళం రోజూ బస్సులో ఉద్యోగానికి వెళ్తాను, పొద్దున్నే చిక్కు తీసుకునే టైమ్ ఉండదు. దువ్వెన పెట్టిన ప్రతిసారీ తెగిన ముక్కలే చేతికొచ్చేవి. ఒక పార్లర్‌లో స్ట్రెయిటనింగ్ చేయించుకోమన్నారు. నాకు నా రింగులంటే ఇష్టం. అందుకే తలంతా సన్నజడలు అల్లించుకుని కొన్ని వారాలు అలాగే ఉంచుతున్నాను. ఆఫ్రికా మూలాలున్న ఆడవాళ్లు తరతరాలుగా పాటిస్తున్న పద్ధతి ఇది, ప్రొటెక్టివ్ స్టైల్ అంటారు.

అయితే జడ అల్లేస్తే సరిపోదు, లోపల జుట్టు ఎండిపోతూనే ఉంటుంది. మాడు మీద ఊరే నూనె తిన్నటి జుట్టు మీదుగా సులువుగా కిందికి దిగుతుంది. మలుపు మలుపుకీ తిరిగే రింగుల్లో చివరిదాకా చేరదు. అందుకే నాకు కుదుళ్ల దగ్గర జిడ్డు, చివర్లు పీచు. అమ్మ దగ్గర దీనికి ఒకటే మందు: "ఇంకాస్త కొబ్బరినూనె రాసుకోవే." కొబ్బరినూనె మంచిదే. వెంట్రుక లోపలికి ఇంకి ప్రోటీన్ పోవడాన్ని తగ్గిస్తుందని 2003లో వచ్చిన పరిశోధనలో తేలింది. కానీ నూనెలో నీళ్లుండవు కదా! ముందు నీళ్లు పట్టాలి, అవి తొందరగా ఆవిరైపోకుండా పైన నూనె రాయాలి.

స్ప్రే సీసాలో నీళ్లు, కాస్త కలబంద గుజ్జు, రెండు మూడు చుక్కల గ్లిజరిన్ కలుపుతాను. కలబంద మట్ట కోయగానే పసుపు జిగురు కారుతుంది, అది పడనివాళ్లకు దురద పెడుతుంది. మట్టను గిన్నెలో నిలబెట్టి ఆ పసుపంతా దిగాక కడిగి, లోపలి గుజ్జు తీసి మెత్తగా వడకడతాను. ఇది నిలవుండదు, కొంచెమే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. గ్లిజరిన్ గాలిలో తేమను పట్టుకుంటుంది. మన వైపు ఉక్కపోత రోజుల్లో బాగానే పనిచేస్తుంది. సంక్రాంతి ముందు పొడి చలిగాలి మొదలైతే మానేస్తాను.

జడ వేళ్లకు చల్లగా తగిలేంత తడిపితే చాలు, కారకూడదు. తర్వాత అరచేతుల్లో నాలుగు చుక్కల నూనె రుద్దుకుని జడల్ని పైనుంచి కిందికి నిమురుతాను, చివర్ల దగ్గర ఇంకాస్త ఆగి. రాత్రి శాటిన్ టోపీ పెట్టుకుంటాను. నూలు గలీబు తడిని పీల్చేస్తుంది, జుట్టును రాపాడిస్తుంది. గంటస్తంభం వైపు బట్టల కొట్లో కొన్న శాటిన్ ముక్కతో పిన్ని కుట్టిన టోపీ అది.

మన ఊళ్లో నన్ను ఎక్కువ కష్టపెట్టింది మాత్రం తడి ఆరకపోవడం. దసరా అయ్యాక వచ్చే మా సిరిమాను పండగ నాటికి వానలు ఇంకా పూర్తిగా వెనకబట్టవు. తలంటుకున్నాక జడ పైకి ఆరినట్టే ఉంటుంది, మధ్యలో నొక్కితే చెమ్మ. అలాగే ముడి చుట్టేస్తే ముక్కవాసన ఖాయం, మాడు మీద దురద కూడా. అందుకే తలస్నానం సెలవు రోజు పొద్దున్నే. షాంపూ నీళ్లలో పల్చగా కలిపి పాపిటల మీద వేళ్లతో రాసి కడుగుతాను. పాత నూలు తుండుతో ఒక్కో జడనీ నొక్కి, ఫ్యాన్ కింద కూర్చుంటాను. కుదుళ్ల దాకా ఆరేవరకూ ముడీ లేదు, పూలూ లేవు.

అల్లేది పిన్నే. "గట్టిగా లాక్కపోతే నిలవదే" అంటుంది. నుదుటి దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. లాగినట్టు నొప్పి వచ్చినా, చిన్న పొక్కులు లేచినా ఆ జడ వెంటనే విప్పించేస్తాను. అలా లాగుతూనే ఉంటే అంచు జుట్టు శాశ్వతంగా పోవచ్చు.

జడలు విప్పిన రోజు చేతినిండా వెంట్రుకలు వస్తే టెన్షన్ పడక్కర్లేదు. మామూలుగానే మనిషికి రోజుకి 50 నుంచి 100 దాకా రాలతాయి, జడలో ఉన్నన్నాళ్లూ అవి అక్కడే చిక్కుకుని ఉంటాయి. నీళ్లు తగలకముందే నూనె రాసి, చివర్ల నుంచి పైకి వేళ్లతో ఒక్కో పాయా విడదీస్తే చిక్కుతో పాటు అవీ వచ్చేస్తాయి. ఆ తర్వాతే తలంటు.