కొన్నది 1,569కి, చేతికొచ్చింది 544

నిన్న సాయంత్రం నా తుపాకీ అమ్మిన చెక్కు వచ్చింది. 544 డాలర్లు. రెండేళ్ల క్రితం ఇదే తుపాకీకి నేను 1,450 ఇచ్చి, దాని మీద 8.25 శాతం పన్ను కట్టాను, మొత్తం 1,569. కడుపుమంట చల్లారకముందే రాసెయ్యాలని కూర్చున్నాను. చల్లారితే నా తప్పులు నాకే చిన్నవిగా కనిపిస్తాయి.

మా తాతకు మార్కాపురం దగ్గర పల్లెలో సింగిల్ బ్యారెల్ తుపాకీ ఉండేది. అడవిపందుల నుంచి చేను కాపాడుకోవడానికి లైసెన్సు తీసుకున్నాడు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా దాన్ని గోనెసంచిలో చుట్టి పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు. ఆయన పోయాక అది స్టేషన్‌కే పోయింది. డాలస్ పక్కన ఇల్లు కొనుక్కుని, గ్రీన్ కార్డు కూడా వచ్చాక, గోడకి ఒక తుపాకీ ఉండాలన్న కోరిక అక్కడిది. కాల్చాలని కాదు.

కొన్నది గన్ షోలో, అంటే బల్లల మీద తుపాకీలు పెట్టి అమ్మే సంతలో. వించెస్టర్ అనే అమెరికన్ కంపెనీ తన మోడల్ 94 రైఫిల్ మీద 1966లో తెచ్చిన సెంటెన్నియల్ 66. కంపెనీ 1866లో పెట్టారు కాబట్టి నూరేళ్ల పండగ అన్నమాట. ఎనిమిది పలకల బ్యారెల్, రిసీవర్‌కి, అంటే మధ్యలో ఉండే ఇనుప భాగానికి, బంగారు పూత. బల్ల మీద పట్టు గుడ్డ వేసి పడుకోబెట్టాడు. లైటు పడితే కొత్త పెళ్లికూతురి నడుముకి వడ్డాణంలా మెరిసింది. అమ్మేవాడు మూడు మాటలు చెప్పాడు. లిమిటెడ్ ఎడిషన్. ఒక్కసారి కూడా కాల్చలేదు. యాభై ఏళ్లు దాటింది కాబట్టి ప్రభుత్వమే దీన్ని 'క్యూరియో అండ్ రెలిక్', అంటే సేకరించి దాచుకునే పాత వస్తువు, అంటుంది. మూడూ నిజాలే. అబద్ధం ఒక్కటీ చెప్పకుండా నన్ను ముంచాడు, అందుకే ఆ మనిషి మీద కేసు పెట్టడానికి కూడా లేదు.

కొనే పద్ధతి తేలిక. 4473 అనే ఫారం నింపాలి, పౌరుడు కానివాళ్లు గ్రీన్ కార్డు మీదున్న నంబరు రాయాలి, డీలర్ ఎన్ఐసీఎస్‌లో, అంటే ఎఫ్‌బీఐ నడిపే తనిఖీ వ్యవస్థలో, మన చరిత్ర అడుగుతాడు. నాకు ఇరవై నిమిషాల్లో సరే అన్నారు. మా ఇంట్లో ముగ్గురి ఇమిగ్రేషన్ కాగితాలు లాయరు లేకుండా నేనే నింపాను, ఒక్కదానికీ తిరిగి ప్రశ్న రాలేదు. నాకు ఫారాలంటే భయం లేదు. అయితే హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు నన్ను చూసి బయల్దేరకండి. మీకు సాధారణంగా కుదరదు. వేట లైసెన్సు లాంటి మినహాయింపులు ఉన్నాయి గానీ వాటి గురించి లాయర్ని అడగండి, ఫ్రెండ్‌ని కాదు.

రెండేళ్లు గాజు బీరువాలో ఉంచాను. ఇంటికొచ్చిన ప్రతివాడూ "ఒక్కసారి బావా" అని ట్రిగ్గర్ దగ్గర కిందకీ పైకీ లాగే లివర్ ఆడించి చూశాడు. ఆ టకటక శబ్దం వినాలని నేనే చాలాసార్లు ఆడించాను. రెండు దసరాలకు ఆయుధ పూజలో కారు తాళాలు, ల్యాప్‌టాప్, పిల్లల పెన్నులతో పాటు దీన్నీ పీట మీద పెట్టాను. మా ఆవిడ పసుపు కుంకుమ పెట్టింది. పూజలో పెట్టిన వస్తువుకి బొట్టు పెట్టకుండా ఎలా ఉంటాం?

ఈ వేసవిలో ఇండియా టిక్కెట్ల ధరలు చూసి ఇద్దరం నోరు తెరిచాం. "మీ పెట్టుబడి అమ్మండి" అంది మా ఆవిడ. ఆ మాట నాదే. కొన్నరోజు ఆవిడ ముందు వాడింది.

ముందు తాకట్టు కొట్టుకెళ్లాను. 300 అన్నాడు. వచ్చేశాను. తర్వాత మళ్లీ గన్ షో. ఈసారి కొనేవాడిగా కాదు, అమ్మేవాడిగా. తుపాకీ భుజాన వేసుకుని, నాలుగు బల్లలు దాటి, పాత వించెస్టర్లే అమ్మే ఒక ముసలాయన దగ్గర ఆగాను. వెనక అయిదారుగురు లైన్లో ఉన్నారు. మా ఆవిడ పక్కనే ఉంది, తోడుగా వచ్చింది, అది నా దురదృష్టం.

ఆయన బంగారు పూత వంక చూడనే లేదు. "పెట్టె ఉందా?" ఉంది. "పెట్టె మీద తొడుగు?" అదొక అట్టముక్క, ఇల్లు సర్దేటప్పుడు రీసైకిల్‌లో వేశాను. "కాగితాలు?" ఉన్నట్టున్నాయి. ప్రతి జవాబుకీ ఒక వేలు మడిచాడు. ఊళ్లో గొలుసు అమ్మబోతే కంసాలి గీటురాయి తీయకముందే తరుగు లెక్క మొదలుపెడతాడు చూడండి, అదే చూపు.

తర్వాత నా అనుమతి అడిగి లివర్ మెల్లగా కిందకి దించాడు. తూటా వెనక మూసి ఉంచే బోల్టు వెనక్కి జరిగింది. చిన్న టార్చి తీసి దాని అడుగున వేశాడు. సన్నగా, తళతళమని ఒక గీత. లివర్ లాగిన ప్రతిసారీ బోల్టు హ్యామర్ మీద, అంటే తూటాని పేల్చే సుత్తి మీద, రాసుకుంటూ వెళ్లి దాన్ని వెనక్కి వంచుతుంది. అంటే ఆడించిన ప్రతిసారీ కొంచెం రాపిడి. "కాల్చలేదు సరే, ఆడించారు" అన్నాడు. ఇలాంటి స్మారక తుపాకీలకు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటేనే ధర, ఆడిస్తే ఇది మామూలు 94, అదీ మెరుపు ఎక్కువైన 94. నా చుట్టాలందరి టకటకలూ ఆ గీతలో ఉన్నాయి.

అయిపోయింది అనుకున్నాను. ఆయన భూతద్దం తుపాకీ కర్ర మీదకి జరిపాడు. కర్ర ఇనుముతో కలిసే సందులో ఆగాడు. గోటితో గీరాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది రక్తమా?"

లైనంతా నిశ్శబ్దం. "కాదు, కుంకుమ" అన్నాను. కుంకుమ అంటే ఏమిటో టెక్సాస్ గన్ షోలో, తుపాకీ అమ్మబోతూ, వెనక టోపీలు పెట్టుకున్న ఆరుగురు వింటుండగా చెప్పి చూడండి. ఏడాదికొకసారి పనిముట్లకు పూజ చేస్తామన్నాను. "ఈ తుపాకీకి పూజ చేశారా?" అన్నాడు, వెటకారం లేకుండానే. వెటకారం వెనకవాడు చేశాడు: "పూజ చేసినా ధర పెరగలేదన్నమాట." అందరూ నవ్వారు. మా ఆవిడ పక్క బల్ల మీద కత్తుల వైపు తిరిగింది. మెడ ఎర్రబడటం నాకు కనిపించింది. ఇంగ్లీషులో గొడవ పడటానికి నాకు మాటలు తక్కువ కాదు, ఆ నిమిషంలో ఒక్కటీ రాలేదు.

ముసలాయనే వెనకవాణ్ణి ఊరుకోమన్నాడు. నాకు 450 చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, వెనక గోడ నుంచి ఇంకో 94 తీసి నా చేతికిచ్చాడు. 1950ల నాటిది. కర్ర నిండా గీతలు, చెయ్యి పట్టేచోట ఇనుము మీది నలుపు వెలిసి బూడిదరంగు తిరిగింది. చీటీ మీద 1,100. ఎన్నో జింకల్ని కొట్టిందట. "ప్రీ-64" అన్నాడు. 1964లో కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి తయారీ మార్చింది. ఇనుము చెక్కి చేసే కొన్ని భాగాల బదులు రేకు నొక్కి చేసినవి పెట్టింది. వేటగాళ్లకు ఒళ్లు మండింది, అప్పటినుంచీ ముందు తరం తుపాకీలకే విలువ. 94 మీద ఈ స్మారకాలు మొదలైంది కూడా అదే 1964లో, వ్యోమింగ్ రాష్ట్రానికి డెబ్బై అయిదేళ్ల పండగగా చేసిన వ్యోమింగ్ డైమండ్ జూబిలీతో. లోపల సరుకు తగ్గిన ఏడాదే పైన పూత మొదలైంది. ఈ ముక్క అమ్మినవాడు చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ రాత్రి నిద్ర రాక లెక్కలు చూశాను. వ్యోమింగ్‌ది 1,500 చేశారు. నాది? లక్షా రెండు వేలకు పైగా. 1968లో పాతకాలపు వేటగాడు బఫెలో బిల్ పేరుతో తెచ్చినది కూడా లక్ష దాటింది. కోల్ట్ అనే ఇంకో తుపాకీ కంపెనీ 1961లో ఇలినాయ్‌లోని జెనెసియో ఊరి 125 ఏళ్లకు డెరింజర్ అనే బుల్లి పిస్తోలు చేసింది, 104 మాత్రమే. అది లిమిటెడ్. లక్ష చేసి లిమిటెడ్ అంటే, మా ఊరి తిరునాళ్లలో అమ్మే రంగు కళ్లద్దాలు కూడా లిమిటెడే. పైగా కొన్నవాళ్లందరూ నాలాగే దాచారు. కాల్చి పాడుచేసినవాడు లేడు కాబట్టి అరవై ఏళ్లకూ సరుకు తగ్గలేదు. 1966లో దీని ధర 125 డాలర్లు. పెరిగిన ధరల లెక్కలో అది ఇవాళ్టి 1,200 దాకా అవుతుంది. మొదటిరోజు కొని, సీలు విప్పకుండా మంచం కింద పెట్టినవాడికి కూడా గిట్టలేదు. ఇక కుంకుమ ఏం చేసింది పాపం.

అదే రాత్రి ఇంకోటి కూడా కనిపించింది. నేను పారేసిన అట్ట తొడుగు లాంటిది, ఖాళీది, ఒకతను 120 డాలర్లకు అమ్ముతున్నాడు. అది మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

ఇక్కడ ఒక మాట అనాలి. మనవాళ్లకు నచ్చింది నచ్చిందని కొనుక్కునే ధైర్యం లేదు. ప్రతిదానికీ 'ఇన్వెస్ట్‌మెంట్' అని పేరు పెట్టాలి. షాద్‌నగర్ ప్లాటూ అంతే, మెడలో హారమూ అంతే, నా తుపాకీ కూడా అంతే. తాత తుపాకీ గుర్తొచ్చి కొన్నానని ఆ రోజే ఆవిడతో చెప్పి ఉంటే 1,569 ఖర్చు అయ్యేది, నష్టం అయ్యేది కాదు.

కొనాలనే ఉంటే, చీటీల మీద అడిగే ధర చూడకండి, వేలంలో నిజంగా అమ్ముడుపోయిన ధర చూడండి. ఎన్ని చేశారో ముందు అడగండి. కొన్నాక లివర్ జోలికి పోకండి. బంగారు పూత మీద వేలిముద్ర పడితే మెత్తటి గుడ్డతో అప్పుడే తుడవండి. పట్టు గుడ్డ మీద పెట్టి అమ్మేవాడి దగ్గర మాత్రం నీళ్లు కూడా కొనకండి.

చివరికి ఇక్కడే ఒక తుపాకీల కొట్టులో, అమ్ముడుపోతే 15 శాతం వాళ్లకి అనే ఒప్పందం మీద పెట్టాను. టెక్సాస్‌లో తెలిసినవాళ్లకి నేరుగా అమ్ముకోవచ్చు గానీ, ముక్కూమొహం తెలియనివాడి చేతికి ఇచ్చి టెన్షన్ పడటం నా వల్ల కాదు. పదకొండు వారాలకు 640కి పోయింది. కొన్నది పాతికేళ్ల కుర్రాడట. ఎలాగూ ఆడించేశారు కదా, ఇంక జింకల సీజన్లో హాయిగా కాల్చుకోవచ్చు అన్నాడట. సందులో ఎరుపు గురించి అడగలేదట.

ఇది రాస్తుండగానే ఆస్టిన్ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, 1981లో సినిమా కౌబాయ్ జాన్ వేన్ పేరు మీద వచ్చిన వించెస్టర్ ఒకటి దొరికింది. పెట్టె, తొడుగు అన్నీ ఉన్నాయి. నీకు వీటి గురించి తెలుసు కదా, ఏమంటావు?"

"ఎన్ని చేశారో అడుగు" అన్నాను.

అవతల ఎవరితోనో మాట్లాడి మళ్లీ లైన్లోకి వచ్చాడు.

"యాభై వేలట బావా. లిమిటెడ్ ఎడిషన్ అంటున్నాడు."