ఎక్స్‌రేకు అందని ఎముక నొప్పి

మూలుగలో పుట్టి ఎముకను తొలిచే క్యాన్సర్ అయిన మల్టిపుల్ మైలోమా అనుమానంతో మా మామయ్యగారిని విశాఖపట్నం మహారాణిపేటలోని ఒక స్కానింగ్ కేంద్రానికి తీసుకువెళ్లినప్పుడు, ఆయన పాత ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, నడుము ఇంతగా నొప్పి పెడుతుంటే ఇందులో ఏమీ లేదంటారేమిటని విసుక్కున్నారు. నిజానికి ఎముకలోని ఖనిజం సుమారు 30 నుంచి 50 శాతం కరిగితే తప్ప ఎక్స్‌రేలో ఆ మచ్చ స్పష్టంగా తేలదు. తక్కువ మోతాదు రేడియేషన్‌తో ఒళ్లంతా తీసే సీటీ అంతకన్నా చిన్న రంధ్రాలనూ పట్టుకుంటుంది. మూలుగ పరీక్షలో మైలోమా రుజువైన రోగికి సీటీలో 5 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటి కనిపించినా, 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం అది చికిత్స అవసరమైన వ్యాధే. ఎముక కరగకముందే మూలుగలో వచ్చే మార్పును చూపేది ఎంఆర్‌ఐ, కాకపోతే నడుము నొప్పితో ఆ గొట్టంలో కదలకుండా పడుకోవడం శిక్షే. చికిత్స తరువాత పాత రంధ్రం పూడకపోయినా, అక్కడ వ్యాధి ఇంకా రగులుతోందో లేదో తేల్చడంలో నా దృష్టిలో, చురుకైన క్యాన్సర్ కణాలు పీల్చుకునే చక్కెర లాంటి మందును ఎక్కించి తీసే పెట్-సీటీదే పైచేయి. బోన్ స్కాన్ చాలదా అని బంధువులు అడిగారు. కొత్త ఎముక కట్టే చోటే అది వెలుగుతుంది, మైలోమాలో ఆ కట్టుబడే అణగిపోతుంది. మామయ్యగారికి సీటీయే రాశారు.