ఇంట్లో చూసుకున్న బీపీ డాక్టరు రికార్డులోకి సరిగ్గా చేరాలంటే

ఇంట్లోనే బీపీ, షుగర్ చూసుకుని ఫోన్‌లో ఎక్కించుకునేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు, కానీ అంత ఓపిగ్గా రాసుకున్న అంకెలు డాక్టరు కంప్యూటర్‌లోకి చేరేసరికి పనికిరాకుండా పోతుంటే నిజంగా బాధేస్తుంది. ఒక యాప్ పై అంకెనీ కింది అంకెనీ వేరువేరుగా పంపుతుంది, ఇంకోటి 130/85 అని ఒకే గడిలో రాసేస్తుంది. మనకి అర్థమవుతుంది, సాఫ్ట్‌వేర్‌కి కాదు.

లోయింక్ (LOINC) కోడ్‌లు, అంటే ఒక్కో పరీక్షకీ కొలతకీ ఇచ్చిన గుర్తింపు సంఖ్యలు, ఉన్నది ఇందుకే. పై అంకెకు 8480-6, కింది అంకెకు 8462-4. మిషన్ ఏదైనా, యాప్ ఏ భాషలో ఉన్నా ఇవి మారవు.

షుగర్ దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గ్లూకోమీటర్‌తో వేలి నుంచి తీసి చూసినదానికి 41653-7, ల్యాబ్‌లో సీరం లేదా ప్లాస్మాలో చూసినదానికి 2345-7, రెండూ గ్లూకోజే అయినా తేడా చెప్పకుండా ఒకే గ్రాఫ్‌లో కలిపేయకూడదు. యూనిట్ కూడా తప్పనిసరి: లీటరుకు 7 మిల్లీమోల్స్ అన్నా, డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములన్నా దాదాపు ఒకటే, కానీ ఉత్త 7 అని పంపితే అవతలివాళ్లకి టెన్షనే.

లక్షణాలకైతే స్నోమెడ్ సీటీ (SNOMED CT) అనే వైద్య పదాల కోడ్‌ల జాబితా వాడతారు. కోడ్ పెట్టాక పేషెంట్ సొంతంగా రాసిన వాక్యాన్ని తీసేయడం మాత్రం నాకు అస్సలు నచ్చదు, ఆరోగ్య రికార్డుల్ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పంపే ఫైర్ (FHIR) ప్రమాణంలో కోడ్ పక్కనే ఆ మాటలు ఉంచే చోటుంది, ఎవరు కొలిచారో చెప్పే చోటూ ఉంది. ఆ రెండూ ఖాళీగా వదలకండి.