మాట పూర్తయ్యేదాకా ఆగాలి
ల్యాబ్‌లో నెలల తరబడి చక్కగా పనిచేసిన సహాయక రోబోను ఈ వారం నిజంగా వాడబోయేవాళ్ల ముందు పెట్టాం. పక్షవాతం వల్ల మాట నెమ్మదించిన ఒక పెద్దావిడ "లైటు..." అని ఊపిరి తీసుకునేలోపే అది "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అనేసింది. మూడుసార్లూ అంతే. నాలుగోసారి ఆవిడ నోరు విప్పలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు. నాకు గుండె పిండేసినట్టయింది.

కాస్త నిశ్శబ్దం రాగానే మాట అయిపోయిందని రోబో అనుకుంటుంది. ఎంతసేపు ఆగాలనే గడువు పెట్టింది మేమే, మా మాట వేగాన్ని బట్టి. గడువు పెంచాం.

మర్నాడు ఆవిడ "లైటు... వెయ్యి" అన్నారు. వెలిగింది. వెంటనే ఆర్పించి, మళ్లీ వేయించుకున్నారు.