ఉదయగిరి కోట నుంచి దూబగుంట దాకా

నెల్లూరు నుంచి ఉదయగిరి వెళ్లే దారిలో సంగం, ఆత్మకూరు దాటేదాకా పెన్నమ్మ చలవ కనిపిస్తూనే ఉంటుంది. ఆ తర్వాత అంతా మెట్ట. ఎర్రనేల, తుప్పలు, రాళ్లగుట్టలు. ఊరు రాకముందే ఎదురుగా కొండ లేచి నిలబడుతుంది. దాదాపు మూడు వేల అడుగుల ఎత్తు. పైనా కిందా పాత గోడలు, బురుజులు.

నాతో పెదనాన్న వచ్చారు. కావలిలో చాలాకాలం ప్లీడరుగా చేసి మానేశారు. ఏది తిరుగుబాటు, ఏది కాదు అన్నదాని మీద పొద్దున్నుంచీ మా ఇద్దరికీ వాదన. మోకాళ్ల నొప్పులతో కొండ మొత్తం ఎక్కలేననడంతో సగం దారిలో ఒక కూలిన ద్వారం నీడన కూలబడ్డాం. గోడ రాళ్ల సందుల్లోంచి మర్రి వేళ్లు కిందికి దిగి, ఒక్కో రాయినీ బయటికి నెట్టేస్తున్నాయి. చేత్తో తోస్తే కదిలే రాళ్లు కూడా ఉన్నాయి. ఇంత చరిత్ర ఉన్న కోటను ఇలా వదిలేయడం చూస్తే కడుపు తరుక్కుపోయింది.

ఈ కోట కోసం శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెడితే, ఒడిశా రాజులైన గజపతుల చేతిలోంచి లాక్కోవడానికి ఏడాదిన్నర దాకా పట్టింది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి 1515లో గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. ఇంత సైన్యం, ఇంత రక్తం. అయినా దాన్ని ఎవరూ తిరుగుబాటు అనరు, దిగ్విజయం అంటారు. ఇద్దరు రాజుల మధ్య పోరు కాబట్టి.

సరిగ్గా ఇదే కోటలో 1839లో జరిగింది వేరు. అప్పటికి ఉదయగిరి ఒక జాగీరు. జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్ కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌తో కలిసి తమ మీద కుట్ర పన్నాడని ఈస్టిండియా కంపెనీ తేల్చింది. జాగీరు లాగేసుకుని ఆయన్ని చెంగల్పట్టు పంపేసింది. కర్నూలు కోటలో ఫిరంగులు, మందుగుండు బయటపడ్డాయి. జోరాపురం దగ్గర పోరాటం కూడా జరిగింది. నవాబును తిరుచిరాపల్లిలో బందీగా ఉంచారు. మరుసటి ఏడు అక్కడే హత్యకు గురయ్యాడు. ఉదయగిరి జాగీర్దారు మాత్రం సేనతో కంపెనీ మీదికి దండెత్తింది లేదు.

"యుద్ధమే చెయ్యనోడిది తిరుగుబాటు ఎట్టా అవుద్ది పెదనాన్నా?" అన్నాను.

"అవుద్ది రా. ఇప్పుడైనా అంతే" అన్నారాయన. ప్రభుత్వం మీద యుద్ధం చెయ్యాలనే ఉద్దేశంతో ఆయుధాలు పోగేస్తే చాలు, ఒక్క గుండు పేలకపోయినా అది నేరమేనట. పాత శిక్షాస్మృతిలో 122వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 149. "అయితే ఒకటి. ఆ కుంపిణీవాళ్లకి మన మీద పెత్తనం ఎవురిచ్చారు? ఆ లెక్కలో ఆయన చేసింది తప్పా అంటే నేను ఒప్పుకోను." నేనూ ఒప్పుకోను. ఒక పని తిరుగుబాటా కాదా అన్నది ఒక ప్రశ్న, న్యాయమా కాదా అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే ప్రభుత్వాలకి నచ్చని ప్రతి మనిషీ ద్రోహి అయిపోతున్నాడు.

దిగేటప్పుడు ఊళ్లో చెక్క చెంచాలు చేసే ఇంటి ముందు ఆగి రెండు గరిటెలు, ఒక దువ్వెన కొన్నాం. నర్ది కర్రను ఆకురాయితో రాస్తున్న ఆవిడ మాతో మాట్లాడుతూనే ఉంది, చెయ్యి మాత్రం ఆగలేదు.

మధ్యాహ్నం దుత్తలూరు, వింజమూరు మీదుగా కలిగిరి వచ్చి, అక్కడి నుంచి ఆటోలో దూబగుంట చేరాం. 1992లో సారా మీద ఆడవాళ్లు లేచిన ఊరు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది ఇక్కడి నుంచే. అక్షరాస్యత చదువుల్లో నేర్చుకున్న పాఠాల గురించి మాట్లాడుకుంటూ, పలక పట్టిన చేతులతోనే ఈ ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. సారా అమ్మేది ప్రైవేటు కాంట్రాక్టర్లే అయినా, వేలం పాటలు పెట్టి డబ్బు తీసుకునేది ప్రభుత్వమే. అంటే వాళ్లు చెయ్యి పెట్టింది నేరుగా ఖజానా మీద. జిల్లాలో సారా పాటలు జరగనివ్వలేదు, వాయిదా మీద వాయిదా వేయించారు.

రచ్చబండ దగ్గర ఒక పెద్దమ్మ కూర్చుని ఉంటే పలకరించాం. "పొరకలు, కారప్పొడి పట్టుకుని దారికి అడ్డం కూచున్నాం నాయనా. ప్యాకెట్లన్నీ కోసి మట్టిలో పోసినాం. ఆ వాసనకి రెండ్రోజులు ఆ దారిన నడవలేకపోయినాం" అంది. పోలీసులంటే భయం వెయ్యలేదా అని పెదనాన్న అడిగారు. "ఎందుకెయ్యదు సామీ? అయినా మేం గవుర్మెంటుని పడగొట్టను పోలా. మా మొగోళ్ల కూలి డబ్బులు ఇంటికి రావాలని పోయినాం."

పొద్దున్నుంచి మేం వాదించుకుంటున్నదానికి ఇంతకంటే సూటి జవాబు నాకు దొరకలేదు. గోల, అడ్డగింత, కొట్టు పగలగొట్టడం, ఇవన్నీ ఉండొచ్చు. చట్టం దాటి ఉంటే దానికి తగ్గ కేసులూ ఉంటాయి. కానీ ఆయుధాలతో అధికారాన్ని కూల్చే ఉద్దేశం లేకపోతే అది తిరుగుబాటు కాదు. ఉన్న ప్రభుత్వాన్నే నిలదీసి దాని చేతే పని చేయించుకోవడం అది. చేయించుకున్నారు కూడా. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, రెండేళ్లకే దాన్ని ఎత్తేశారు.

ఈ తేడా మన రాజ్యాంగానికీ ఖరీదైన అనుభవంతోనే అబ్బింది. 1975లో ఎమర్జెన్సీకి చూపించిన కారణం అంతర్గత కల్లోలం. ఊరేగింపుని కూడా అందులో పడేయొచ్చు. అందుకే 1978లో 44వ సవరణతో దాన్ని తీసేసి, ఆ చోట సాయుధ తిరుగుబాటు అని పెట్టారు. అంతకుముందే 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, హింసకు, అల్లర్లకు పురికొల్పకుండా ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా రాజద్రోహం కాదని చెప్పింది. అయినా కేసులు ఆగలేదు, అదీ బాధ.

లేచేముందు పెదనాన్న ఆవిణ్ణి అడిగారు, "మళ్లీ చెయ్యాల్సొస్తే చేస్తారా అమ్మా?"

"ఇప్పుడు సారా ప్యాకెట్లు యాడుండాయి? బెల్టు షాపులు ఉండాయి. మా మనవరాళ్లని అడుగు సామీ, వాళ్లు మాకంటే గట్టోళ్లు."