బొటనవేలికి ఇరవై షిల్లింగులు

బుధవారం, రాత్రి

మధ్యాహ్నం ఆ పెద్దమ్మ అడిగిన ప్రశ్న నన్నింకా వదలలేదు. ఆమె కొడుకు వడ్రంగి. ఫర్నిచర్ తయారుచేసే షెడ్డులో రంపం మిషను కింద పడి కుడిచేతి బొటనవేలు పోయింది. నష్టపరిహారం దరఖాస్తు రాస్తూ, ప్రమాదం నాటికి అమల్లో ఉన్న 1923 కార్మికుల నష్టపరిహార చట్టంలోని పట్టిక వాళ్ళకు చదివి వినిపించాను. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు. చూపుడువేలు పూర్తిగా పోతే 14, మధ్యవేలికి 12, ఉంగరపు వేలికైనా చిటికెన వేలికైనా 7. ఆమె కొడుకు చేతికట్టు వైపు చూస్తూ, "ఈ లెక్క ఎవరు కట్టారమ్మా?" అంది.

బ్రిటిషువాళ్ళ కాలంలో మొదలుపెట్టారు, తరువాత అంకెలు మార్చారు పెద్దమ్మా, అని చెప్పాను. ఆ జవాబు నాకే చాలలేదు. సాయంత్రం జల్లు పడి కరెంటు పోతే, వచ్చేదాకా ఆగి పాత ఇంగ్లిషు చట్టాల పుస్తకం తీశాను.

క్రీ.శ. 600 ప్రాంతంలో ఇంగ్లండులోని కెంట్ రాజు ఎథెల్‌బెర్ట్ పేరిట వచ్చిన శాసనం ఇంగ్లిషులో మనకు దొరికిన చట్టాలన్నిటిలో పాతది. 12వ శతాబ్దంలో రోచెస్టర్‌లో రాసిన ఒకే ఒక ప్రతిలో అది మిగిలింది. అందులో సగం శరీరం గురించే. బొటనవేలు తెగితే 20 షిల్లింగులు, దాని గోరు పోతే 3. మధ్యవేలికి 4, ఉంగరపు వేలికి 6, చిటికెన వేలికి 11. కన్నుకు 50, పాదానికి 50. చూపుడువేలిని వాళ్ళు బాణం వేసే వేలు అన్నారు, ఉంగరపు వేలిని బంగారు వేలు అన్నారు. మన పట్టికలో అడుగున ఉన్న చిటికెన వేలు అక్కడ బొటనవేలి తరువాతి స్థానంలో ఉంది. మనిషిని చంపితే 100 షిల్లింగులు. అందులో 20 సమాధి పూడ్చకముందే ఇవ్వాలి, మొత్తం 40 రాత్రుల్లో తీరిపోవాలి. మన దగ్గర ఎన్ని వాయిదాలో తెలిసినదాన్ని కనుక ఆ నలభై రాత్రుల మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఇలా చెల్లించే సొమ్మును 'బోట్' అనేవారు. బాగుచేయడం అని దాని అర్థం. 'బెటర్' దానికి చుట్టమే. విరిగిన వంతెనను ఊరివాళ్ళు మరమ్మతు చేసినా బోటే. ఇంటికీ కంచెకూ నాగలికీ కావలసిన కలపను కౌలుదారు భూస్వామి అడవిలోంచి తెచ్చుకునే హక్కుకూ అదే పేరు. రాజుకు కట్టే జరిమానాకు మాత్రం వేరే మాట ఉండేది. నాకు నచ్చిందల్లా ఆ వేరు చేయడమే: దెబ్బ తిన్నవాడికి ముట్టేది ఒకటి, రాజుకు ముట్టేది మరొకటి. కొన్నిటికి బోట్ లేదు కూడా. 11వ శతాబ్దంలో క్నూట్ రాజు ఇల్లు తగలబెట్టడాన్నీ, యజమానికి చేసే ద్రోహాన్నీ సొమ్ముతో తీరని నేరాల్లో చేర్చాడు.

ఆ కాలం తిరిగి రావాలని నేను కోరుకోను. మనిషి హోదాను బట్టి ప్రాణం ఖరీదు మారేది. అయినా తరువాత జరిగిందాన్ని చూస్తే బాధగా ఉంటుంది. నార్మన్ రాజులు వచ్చాక, రెండవ హెన్రీ కాలానికల్లా, పెద్ద నేరాలు క్రమంగా రాజు కాపాడే శాంతికి కలిగిన భంగంగా మారాయి. శిక్ష రాజుది, జరిమానా రాజుది. దెబ్బ తిన్నవాడు పక్కకు జరిగాడు.

షెడ్డు యజమాని కూడా ఈ రోజే ఫోను చేశాడు. ఎంతో కొంత ఇస్తాను, కేసు లేకుండా అడ్జస్టు కమ్మనండి, అన్నాడు. మన నాలుకల మీద ఇంతగా నానిన ఆ మాట మొదలు లాటిన్‌లో 'పక్కన, దగ్గర' అనే మాట. 'జస్టిస్' వచ్చిన కుదురు వేరు. వినడానికి దగ్గరగా ఉండబట్టి పాతవాళ్ళు రెండూ ఒకటేననుకున్నారు. దగ్గరకు చేరడమంటే ఇద్దరూ కదలాలి. అన్నం పెట్టే వేలు పోయినవాడినే ఇంకా జరగమంటే నాకు కోపం వచ్చింది, ఆ మాట ఆయనతోనే అన్నాను.

ముప్పై శాతం దగ్గర ఆగే ఉద్దేశం నాకు లేదు. ఎడమచేయి మోచేతి పైన తీసేయవలసి వచ్చిన ఒక వడ్రంగి కేసులో, ఆ చేయి లేకుండా వడ్రంగం సాగదు కనుక అది సంపూర్ణ వైకల్యమేనని సుప్రీంకోర్టు 1975లో చెప్పింది. చేయి వేరు, వేలు వేరు, అవతలి లాయరు ఆ మాట తప్పకుండా అంటాడు. అందుకే రేపు ఉదయం ఆ అబ్బాయిని పిలిపించి, ఉలి, బాడిస, చిత్రిక, ఏది పట్టగలడో ఏది పట్టలేడో ఒక్కొక్కటిగా రాయించుకోవాలి. డాక్టరు సర్టిఫికెట్టులో వేలు పోయిందని ఉంది. పని గురించి ఒక్క ముక్క లేదు. ఆయన దగ్గరకూ మళ్ళీ వెళ్ళాలి.